పర్లాకిమిడిలో పాత కార్లకి మంచి మెకానిక్, కాకపోతే ఓపిక ఉండాలి

నాది 1998 నాటి చిన్న కారు, మూడు సిలిండర్లు, కార్బురేటర్ (పెట్రోల్‌నీ గాలినీ కలిపి ఇంజిన్‌కి పంపే భాగం) ఉన్న బండి. వానలు మొదలైనప్పటి నుంచి పొద్దున్నే చోక్ లాగి పదిసార్లు సెల్ఫ్ కొడితే గానీ స్టార్ట్ అయ్యేది కాదు, అయ్యాక కూడా వణుకుతూ, దగ్గుతూ నడిచేది. ఇంకోచోట చూపిస్తే కార్బురేటర్ సర్వీసింగ్ చేసి, కొత్త బ్యాటరీ అంటగట్టారు. డబ్బులు పోయాయి, దగ్గు పోలేదు.

పాతపట్నం వెళ్లే రోడ్డులో ఉన్న ఈ షెడ్డుకి బోర్డు కూడా లేదు. మేస్త్రి కుర్రాడికి ఒడియాలో పని చెప్తూ, నాతో తెలుగులో మాట్లాడుతూ, ఇంజిన్ నడుస్తుండగానే రబ్బరు పిడి ప్లయర్‌తో ప్లగ్ వైర్లు, అంటే ఒక్కో సిలిండర్‌లో పెట్రోల్ అంటించే స్పార్క్ ప్లగ్గుకి కరెంటు తెచ్చేవి, ఒక్కొక్కటే లాగి చూశాడు (మీరు చేయకండి, షాక్ గట్టిగా కొడుతుంది). మొదటిది తీస్తే ఇంజిన్ ఆగిపోబోయింది, మూడోదీ అంతే, రెండోది తీస్తే మాత్రం ఏ తేడా లేదు. "దొరికింది బాబూ, ఇదే పని చేయట్లేదు" అన్నాడు. ఆ ప్లగ్ విప్పితే పెట్రోల్‌తో తడిసిపోయి ఉంది. అంటే పెట్రోల్ వస్తోంది, అంటుకోవట్లేదు. వేరే ప్లగ్ పెట్టినా అదే తంతు. అప్పుడు షట్టర్ దించి, చీకట్లో వైర్ల మీద కాసిని నీళ్లు చిలకరిస్తే, రెండో వైరు పగుళ్ల దగ్గర చిటపటమని నీలం మెరుపులు! కరెంటు ప్లగ్గుకి చేరకుండా అక్కడే బయటికి పోతోందన్నమాట. ప్లగ్గులకి వంతులవారీగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూతలో చెమ్మ కూడా.

వైర్ల సెట్టు, మూత, ప్లగ్గులు మార్చాడు. కార్బురేటర్ ముట్టుకోనే లేదు.

"రేపు" అన్నది మూడు రోజులైంది, మూత బరంపురం నుంచి రావాలట. బిల్లు అడిగితే సిగరెట్ పెట్టె అట్ట మీద రాసిచ్చాడు, పాత సామాను మాత్రం సంచిలో వేసి చేతికిచ్చాడు. ఇప్పుడు వానలో కూడా ఒకటి రెండు సెల్ఫ్‌లకే అందుకుంటోంది. వెళ్తే పొద్దున్నే వెళ్లండి, తర్వాత అంతా ఆటోల రద్దీ.