ఆపరేషన్ తర్వాత మొదటి గట్టి తిండి: గుడ్డా, చేపా, కోడా, పప్పా?

బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు భీమవరం నుంచి, అమలాపురం నుంచి, తణుకు నుంచి నన్ను అడిగేది దాదాపు ఒకటే ప్రశ్న. నీళ్ళు, పల్చటి మజ్జిగ, ప్రోటీన్ పొడి, జావలు, మిక్సీ పట్టినవి అన్నీ అయిపోయాయి. ఆస్పత్రిలో ఇచ్చిన కాగితంలో తర్వాతి గడిలో 'సాఫ్ట్ డైట్' అని ఉంది. దాని కింద గుడ్డు, చేప, చికెన్, పప్పు, పనీర్ అన్నీ ఒకే వరసలో ఉన్నాయి. "వీటిలో ముందు దేనితో మొదలుపెట్టమంటారండీ?" అంటారు. కాగితం ఆ సంగతి చెప్పదు.

నేను కూడా స్లీవ్, అంటే కడుపులో చాలా భాగం తీసేసి గొట్టంలా మిగిల్చే ఆపరేషన్, చేయించుకున్న మనిషినే. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చేపలు తినే ఇంట్లో చేపతో మొదలుపెట్టడం మేలు. తినని ఇంట్లో పెసరపప్పు. ఏ వారంలో ఏ దశకు వెళ్ళాలన్నది మాత్రం మీ సర్జన్ చెప్పినట్టే నడవాలి. మామూలుగా మెత్తని తిండి నాలుగో వారం చుట్టుపక్కల మొదలవుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మామూలు తిండిలోకి వస్తారు. కుట్ల దగ్గర ఇబ్బంది వచ్చినవాళ్ళకు ఈ లెక్క పనిచేయదు, వాళ్ళకు డాక్టరు వేరేగా చెబుతారు.

అందరూ ముందు చూసేది ప్రోటీన్ లెక్క. రోజుకు కనీసం 60 గ్రాములు అందాలని డైటీషియన్లు చెబుతారు కాబట్టి ఆ చూపు సహజమే. వండిన చికెన్ 100 గ్రాముల్లో 25 గ్రాములకు పైనే ప్రోటీన్ ఉంటుంది. చేపలో 20 దాకా. ఒక కోడిగుడ్డులో 6. గట్టిగా వండిన పప్పు 100 గ్రాముల్లో 7 నుంచి 9. మామూలు పెరుగులో 3 లేక 4. ఈ వరస చూస్తే చికెన్‌దే గెలుపు. కానీ ఆ వారాల్లో మీరు ఒక పూటకు తినగలిగేది మూడు నాలుగు చెంచాలు. అంత కొంచెంలో చికెన్‌కీ చేపకీ మధ్య తేడా రెండు మూడు గ్రాములే. అది రోజూ తాగే పొడితో భర్తీ అవుతుంది. కడుపులో పట్టేసిన ముద్దకు మాత్రం భర్తీ లేదు. ఒక్కసారి పట్టేసి కక్కుకుంటే ఆ పూట పోతుంది, ఆ వస్తువంటేనే భయం పట్టుకుంటుంది, తర్వాత చాలా రోజులు మనిషి జావ దగ్గరే ఆగిపోతాడు.

అందుకే నేను చివరి ముద్ద ఎలా ఉంటుందో చూసుకోమంటాను. మొదటి ముద్ద వేడివేడిగా ఏదైనా మెత్తగానే ఉంటుంది. మనం ఇప్పుడు ఒక్కో ముద్దను ఇరవై ముప్ఫై సార్లు నమిలి, ముద్దకీ ముద్దకీ మధ్య ఆగి, ఆ నాలుగు చెంచాలే అరగంట సేపు తింటున్నాం. ఆ అరగంటలో పళ్ళెంలో ఉన్నది చల్లారుతుంది, తడి ఆరుతుంది, గట్టిపడుతుంది. పట్టేయడం జరిగేది ఎక్కువగా ఆ చివర్లోనే. దీనికి తోడు కడుపు ఇప్పుడు నలిపే పని సరిగ్గా చేయలేదు. బైపాస్‌లో, అంటే కడుపు పైభాగాన్ని చిన్న సంచిగా చేసి నేరుగా పేగుకు కలిపే ఆపరేషన్‌లో, తిండి పడే ఆ సంచికి నలిపే శక్తి ఉండదు, ఆ పని చేసే కడుపు కింది భాగం దారిలోంచి తప్పిపోయింది. స్లీవ్‌లో ఆ కింది భాగం చాలావరకు ఉంటుంది కానీ కడుపులో ముప్పాతిక భాగానికి పైగా తీసేయగా మిగిలింది సన్నటి గొట్టం, లోపల ఒత్తిడి ఎక్కువ. నలిపే పనంతా నోట్లోనే జరగాలి. నాలుకతో అంగిలికి నొక్కితే విడిపోయేది దిగుతుంది. అరగంట తర్వాత కూడా అలా విడిపోయేదే మన వస్తువు.

ఈ కొలతతో గుడ్డును చూడండి. గుడ్డు మంచిదే, చవక, ప్రతి ఇంట్లోనూ ఉంటుంది, వండడం క్షణాల పని. అందుకే చాలామంది దానితోనే మొదలుపెడతారు. కానీ గుడ్డు పొరటు పెనం మీద నుంచి దిగినప్పుడు ఉన్నంత మెత్తగా పది నిమిషాల తర్వాత ఉండదు. తెల్లసొన సాగుతుంది, నములుతుంటే చిన్న ముక్కలుగా జారుతుంది తప్ప మెత్తని ముద్దగా మారదు. ఉడకబెట్టిన గుడ్డులో పచ్చసొన పొడిపొడిగా గొంతుకు అంటుకుంటుంది. గుడ్డు బాగా ఇష్టమైతే రెండు చెంచాల పాలు కలిపి గిలకొట్టి, మూతపెట్టి సన్నటి సెగ మీద దగ్గరుండి వండించుకోండి. పచ్చిదనం పోవాలి, గట్టిపడకూడదు. సగం తిని పక్కన పెట్టి మళ్ళీ వేడి చేసుకోవద్దు. రెండోసారి వేడి చేసిన గుడ్డు రబ్బరే.

చికెన్ నా వరసలో చివరిది. ఆదివారం ఇంట్లో కోడికూర వండకుండా ఉండడం మన వైపు కష్టమే, అందరూ తింటుంటే చూస్తూ కూర్చోవడమూ కష్టమే. అయినా ఆ కండ పొడవాటి పీచు. ముఖ్యంగా రొమ్ము ముక్క ఆరిన కొద్దీ దారాలుగా విడిపోతుంది, ఎంత నమిలినా ఆ దారాలు ముద్దగా మారవు. ఫ్రిజ్‌లో పెట్టి వేడి చేస్తే ఇంకా అన్యాయం. నాటుకోడి సంగతి చెప్పనక్కర్లేదు, దాన్ని మామూలు తిండి బాగా అలవాటయ్యాకే ముట్టుకోవాలి. మరీ మనసు లాగితే ఖీమాగా కొట్టించి, ఉల్లిపాయ గుజ్జులో పల్చగా ఉడికించి, దాన్ని మళ్ళీ ఒక తిప్పు మిక్సీ వేసి తినొచ్చు. ముక్కల జోలికి వెళ్ళొద్దు.

ఇక చేప. చేప కండ నిర్మాణమే వేరు. పీచులు పొట్టిగా ఉంటాయి, పొరలు పొరలుగా అమరి ఉంటాయి, ఆ పొరలను పట్టి ఉంచేది సున్నితమైన పదార్థం, అది కొద్దిపాటి వేడికే కరిగి జిగురవుతుంది. అందుకే ఉడికిన చేప ముక్క వేలితో తాకితే రేకులు రేకులుగా వస్తుంది. నోట్లో కూడా అంతే. అన్నిటికన్నా ముఖ్యం, పులుసులో ఉన్న చేప ఆరదు. చేపల పులుసు మర్నాటికి ఇంకా బాగుంటుందని గోదావరి జిల్లాల్లో ఎవరికీ చెప్పాల్సిన పని లేదు. మనకు కావలసిన గుణం అదే. చల్లారినా, వేడి చేసినా మెత్తదనం పోదు. ఫ్రిజ్‌లో పెట్టి, తినబోయే ముక్క మటుకు తీసి వేడి చేసుకుంటే చాలు. ఉద్యోగాలకు వెళ్ళేవాళ్ళకు, పూటపూటకు వేరే వంట చేయించుకోలేనివాళ్ళకు ఇది పెద్ద సుఖం. ఇంటిల్లిపాదికీ వండిన కుండలోంచే మీ ముక్క వస్తుంది.

అయితే ఏ చేప అన్నది చాలా ముఖ్యం. మొదటి వారాలకు కొరమీను లేదా పండుగప్ప తెచ్చుకోండి. రెంటిలోనూ కండలో దాగిన సన్నటి ముళ్ళు దాదాపు ఉండవు, నడుమ ముల్లు లాగేస్తే కండ శుభ్రంగా వస్తుంది. కొరమీను ధర ఎక్కువే. కానీ మీకు కావలసింది రోజుకు ఒక ముక్క, బజారులో చిన్నది చూసి తెచ్చుకుంటే నాలుగు పూటలు వస్తుంది. చెరువుల్లో పెంచే బొచ్చె, శీలావతి మన చుట్టూ కావలసినంత దొరుకుతాయి, చవక. కానీ వాటి వీపు వైపూ తోక వైపూ కండలో కొమ్మలు చీలిన సన్నముళ్ళు ఉంటాయి. అవే తెచ్చుకునేట్టయితే పొట్ట ముక్క అడగండి. అక్కడ ముళ్ళు పెద్దవి, కంటికి కనిపిస్తాయి, వేలికి తగులుతాయి. కొవ్వు కొంచెం ఎక్కువుంటుంది కాబట్టి చిన్న ముక్కే తీసుకోండి. ముళ్ళ చేపలు, చిన్న చేపలు, కట్టెపరిగెలు ఇప్పుడు వద్దు.

వండే తీరులో రెండు మార్పులు చాలు. ముక్క ముందుగా వేయించకూడదు, వేయిస్తే పైపొర గట్టిపడి తోలులా తయారవుతుంది. కారం, చింతపండు, నూనె మూడూ సగానికి తగ్గించాలి. చింతపండు పులుపు మంట పుట్టిస్తే టమాటా గుజ్జుతో చేయించుకోండి. ఒక పాలకొల్లు ఆవిడ రాశారు: "మా అత్తయ్యగారు పులుసులో నూనె తేలకపోతే కూరే కాదంటారండి." అలాంటి ఇంట్లో అందరికీ తాలింపు వేయకముందే మీ ముక్కలు రెండు చిన్న గిన్నెలోకి తీయించుకుంటే గొడవ లేకుండా పోతుంది.

తినేటప్పుడు ముక్కను పళ్ళెంలో వేళ్ళతో విడదీసి, ముల్లు వెతికి తీసేసి, తడవడానికి సరిపడా పులుసు కలుపుకుని చిటికెన వేలి గోరంత తీసుకోండి. పులుసును గిన్నెలో పోసుకుని తాగొద్దు. ద్రవం తోడైతే తిండి త్వరగా దిగిపోతుంది, ఆకలి తీరదు, ముద్ద చాలనిపించే కబురే అందదు. తిన్నాక అరగంట దాకా నీళ్ళు తాగకపోవడం కూడా ఇందుకే. అన్నంలో కలుపుకోవద్దు, చేప ఒక్కటే ముందు.

రొయ్యలు ఉడికితే బిగుసుకుంటాయి, రెండు మూడు నెలలు ఆగండి. పీత కండ మెత్తనే కానీ పెంకు ముక్కల భయం. ఎండుచేప వద్దు.

పప్పు గురించి న్యాయంగా ఒక మాట చెప్పాలి. నేను పెట్టిన చివరి ముద్ద పరీక్షలో అన్నిటికన్నా ఎక్కువ మార్కులు పెసరపప్పుకే వస్తాయి. ఎంతసేపున్నా మెత్తగా ఉంటుంది, బిగుసుకుంటే రెండు చుక్కల వేడినీళ్ళు చాలు. మరి చేపను ఎందుకు ముందు పెట్టానంటే, మూడు చెంచాల గట్టి పప్పులో వచ్చేది మూడు నాలుగు గ్రాముల ప్రోటీన్, అంతే చేపలో దానికి రెండింతలకు పైగా. శాకాహారులు ఆ లోటును గుడ్డలో కట్టి నీరు తీసిన పెరుగుతోనూ, చిదిపిన మెత్తని పనీర్‌తోనూ పూడ్చుకోవచ్చు. అలా చేస్తే వాళ్ళు ఎవరికీ వెనకబడరు. ముద్దపప్పులా గట్టిగా ఉండాలి. పప్పుచారు ప్రోటీన్ కింద లెక్క పెట్టుకోకూడదు, అది దాదాపు నీళ్ళే. కందిపప్పు కొందరికి గ్యాస్ చేస్తుంది, పెసరపప్పు తేలిక. బైపాస్ అయినవాళ్ళలో కొందరికి పాలు పడవు, వాళ్ళకు కూడా పెరుగు మామూలుగా పడుతుంది.

అన్నం ఎప్పుడని అడగనివాళ్ళు లేరు. మార్టేరు వరి పరిశోధన కేంద్రం నుంచి స్వర్ణ రకం వరి వచ్చి డెల్టా అంతా పండిన నేల మనది, అన్నం లేకుండా భోజనం అయిందని మన పెద్దవాళ్ళు ఒప్పుకోరు. "నాలుగు మెతుకులు తింటే గాని నీరసం తగ్గదు" అని బలవంతం చేస్తారు. ఆ వారాల్లో నీరసానికి చాలావరకు కారణం నీళ్ళు చాలకపోవడమే. రోజుకు లీటరున్నర, వీలైతే రెండు లీటర్లు గుక్కగుక్కగా తాగుతున్నారా చూసుకోండి. అన్నం చల్లారితే ముద్ద కట్టుకుని గొట్టంలో కూర్చుంటుంది. ఉన్న కొద్ది చోటునూ తినేసి ఇచ్చే ప్రోటీన్ ఏమీ ఉండదు. మామూలు తిండి దశలో, చేపో పప్పో తిన్నాక చోటు మిగిలితే రెండు చెంచాల పెరుగన్నం. పలకరించడానికి వచ్చే బంధువులు పూతరేకులు, తాపేశ్వరం కాజా తెస్తారు. బైపాస్ అయినవాళ్ళకు తీపి వల్ల పది నిమిషాల నుంచి అరగంటలో గుండెదడ, చెమటలు, విరేచనం రావచ్చు, దాన్ని డంపింగ్ అంటారు. స్లీవ్ వాళ్ళలో తక్కువే గాని ఉండదని కాదు. తెచ్చినవాళ్ళు నొచ్చుకుంటారని నోట్లో వేసుకోకండి.

ఏది తిన్నా కొత్త వస్తువు రోజుకు ఒక్కటే, అదీ మధ్యాహ్నం పూట. రాత్రి మొదలుపెడితే ఏదైనా తేడా వచ్చినప్పుడు ఫోన్ చేయడానికి కూడా ఎవరూ దొరకరు. పట్టేసే ముందు గుర్తులు వస్తాయి: ఎక్కిళ్ళు, ముక్కు కారడం, నోట్లో ఒక్కసారిగా నీళ్ళూరడం, గుండెల మధ్య బరువు. ఆ క్షణంలో ఆపేయాలి. పళ్ళెంలో ఇంకో ముద్దే ఉన్నా సరే. దింపుదామని నీళ్ళు తాగితే పైన ఇంకొంచెం బరువు వేసినట్టే. లేచి నెమ్మదిగా నడవండి, ఆ రోజుకు ద్రవాల మీద ఉండండి, ఆ వస్తువును వారం పదిరోజుల తర్వాత మళ్ళీ చూడొచ్చు. రోజుల తరబడి వాంతులైతే దాన్ని అరగకపోవడం కింద తీసుకోకండి. విటమిన్ బి1 పడిపోయి నరాల మీదికి, మెదడు మీదికి వచ్చే ప్రమాదం ఉంది. నీళ్ళు కూడా దిగకపోతే అదే రోజు ఆస్పత్రికి వెళ్ళాలి.

వరదలొచ్చే కాలంలో ఆపరేషన్ అయినవాళ్ళంతా పులస గురించి అడుగుతారు, "ఏడాదికోసారి దొరికేది, వదులుకోమంటారా?" అని. మెత్తదనంలో పులసకు వంక పెట్టలేం. కానీ దాని నిండా వెంట్రుకల్లాంటి ముళ్ళు, కొవ్వు కూడా చాలా ఎక్కువ. మెత్తని తిండి దశలో ఉన్నవాళ్ళు ఈ ఏడు దాన్ని ఇంట్లో వాళ్ళకు వదిలేయండి, వచ్చే ఏడు గోదావరికి మళ్ళీ ఎర్రనీరు వస్తుంది. మామూలు తిండికి వచ్చి నెలలు గడిచినవాళ్ళయితే, ముల్లు తీయడంలో చెయ్యి తిరిగిన మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని, పట్టపగటి వెలుతురులో, రెండు వేళ్ళ వెడల్పు ముక్క తినండి.