హెలికాప్టరా, లైఫ్‌బోటా: చలి సముద్రంలో చిక్కిన జాలర్ల రక్షణ

ఉత్తర అట్లాంటిక్‌లో శీతాకాలపు తుఫానుకు చేపల పడవ దెబ్బతిన్నప్పుడు హెలికాప్టరును పంపాలా, తీరం నుంచి బయల్దేరే రక్షణ పడవ అయిన లైఫ్‌బోటునా అని తేల్చే ముందు చూడవలసింది, మనుషులు నీటిలో ఉన్నారా, ఇంకా డెక్కు మీదే ఉన్నారా అన్నది.

వేగం: రక్షణ హెలికాప్టరు 140 నాట్ల (గంటకు సుమారు 260 కి.మీ.) వరకు అందుకోగలదు, బ్రిటన్‌లోని సెవెర్న్ తరగతి లైఫ్‌బోటు వేగం 25 నాట్లు (గంటకు సుమారు 46 కి.మీ.).

నిలకడ: హెలికాప్టరుకు ఖర్చు ఎక్కువ, ఇంధనం కొద్ది, లైఫ్‌బోటు గంటల తరబడి పక్కనే కాచుకొని ఉంటుంది, అవసరమైతే పడవను లాగుకొస్తుంది కూడా.

ప్రమాదం: పడవ మీద ఊగే స్తంభాలకు, మనుషులను పైకి లాగే హెలికాప్టరు తీగ చిక్కుకోవచ్చు కనుక, దాన్ని అదుపులో ఉంచేందుకు ముందుగా బరువు కట్టిన సన్నని తాడును డెక్కు మీదికి జారవిడుస్తారు, తీగ చివరి కొక్కెంలోని స్థిర విద్యుత్తు పోయేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. లైఫ్‌బోటు విషయంలో భయం వేరు: అల దాన్ని ఎత్తి పడవకేసి కొడుతుంది, దూకేవాడు లిప్తపాటు తడబడితే రెండింటి మధ్య నలిగిపోతాడు. చాలాసేపు చన్నీటిలో ఉన్నవారిని నిలువుగా లాగితే రక్తపోటు పడిపోయి ప్రాణమే పోవచ్చు కాబట్టి, ఏ పద్ధతిలోనైనా వీలైనంతవరకు అడ్డంగా పడుకోబెట్టే ఎత్తాలి.

తీరానికి దూరంగా మునిగిపోతున్న పడవకు హెలికాప్టరే దిక్కు. దట్టమైన పొగమంచులో, లేదా పడవ ఇంకా తేలుతూనే ఉంటే, నా మటుకు లైఫ్‌బోటే మేలు. కొండ కింది రాళ్లలో ఇరుక్కుంటే లెక్క మారుతుంది: 1947 డిసెంబరులో ఐస్‌లాండ్‌లోని లౌత్రాబ్యార్గ్ అనే సముద్రపు కొండ కింద చిక్కిన ధూన్ ట్రాలరు నుంచి 12 మందిని స్థానిక రైతులు తాళ్లతోనే పైకి చేర్చారు.