కేటలాగ్‌కి మూడు స్టార్లు, కౌంటర్లో ఆవిడకి ఐదు

చెన్నైలో ఓ పాత కాలేజీ లైబ్రరీలో బయటివాళ్ళకి వారం గెస్ట్ కార్డు ఇస్తారు, రెండొందలు. మా అమ్మమ్మ వాళ్ళమ్మకి చిన్నతనంలోనే భర్త పోతే మారుమనువు చేశారట. వీరేశలింగం గారు 1881లో రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించాక ఆ గాలి పల్లెలదాకా ఎలా వచ్చిందో చదువుదామని వెళ్ళాను.

మొదటి రోజు దండగ. పుస్తకాలు వెతికే కంప్యూటర్ కేటలాగ్‌లో, గూగుల్‌ని అడిగినట్టు ఇంగ్లీషులో వాక్యం మొత్తం కొట్టాను. సున్నా. ఏసీ మాత్రం చల్లగా ఉంది.

రెండో రోజు కౌంటర్లో ఆవిడ (తిరుత్తణి వైపు మనిషి, తెలుగు బాగా వచ్చు) "అంత పొడుగు వద్దమ్మా, రెండు మాటలు చాలు" అంటూ పక్కన కూర్చున్నారు. 'విడో' అని కొట్టి చివర స్టార్ గుర్తు (*) పెడితే విడోస్, విడోహుడ్ అన్నీ వచ్చాయి. తర్వాత బ్రాకెట్లో ఆంధ్ర ఆర్ (OR) తెలుగు ఆర్ మద్రాస్ అని పెట్టించారు, అంటే వాటిలో ఏ ఒక్కటున్నా చాలని. కోస్తా, సీమ జిల్లాలు 1953 దాకా మద్రాసు కిందే కదా, పాత పుస్తకాలన్నీ ఆ పేరుతోనే ఉంటాయట. పుట్టి పెరిగింది ఈ చెన్నైలోనే, పెరంబూరులో, నాకా సంగతి తట్టలేదు!

వీరేశలింగం స్పెల్లింగ్ దగ్గర ఇంకో తలనొప్పి. 'వీ'కి మనం రెండు 'ఈ'లు వేస్తాం, కేటలాగ్‌లో ఒక్క 'ఐ'. ఇంటిపేరు కందుకూరితో వెతికితే దొరికారు.

అన్నిటికన్నా పనికొచ్చింది మాత్రం ఇది. సరైన పుస్తకం ఒక్కటి దొరికాక దాని వివరాల్లో 'సబ్జెక్ట్' అన్న చోట నొక్కాలి. ఆ విషయం మీదున్న మిగతావన్నీ, మనకి తోచని పేర్లతో ఉన్నవి కూడా, వరసగా వస్తాయి. నాకు తొమ్మిది వచ్చాయి. కాల్ నంబర్ (పుస్తకం ఏ అరలో ఉందో చెప్పేది) రాసుకుని అల్మరా దగ్గరికి వెళ్తే పక్కనే ఇంకో రెండు.

స్టార్లు ఎందుకు తగ్గించానంటే, తెలుగు లిపిలో కొడితే ఏమీ రాదు. పైగా పది నిమిషాలు కదపకుండా ఉంటే లాగౌట్ అయిపోయి, దాచుకున్న లిస్టంతా పోతుంది. నాకు రెండుసార్లు పోయింది. నోటుబుక్కు తీసుకెళ్ళండి. జిరాక్స్ పేజీ రెండు రూపాయలు, ఫోన్‌పే తీసుకోరు, చిల్లర ఉంచుకోండి.