2400 టెక్స్ డైరెక్ట్ రోవింగ్: ఎఫ్‌ఆర్‌పీ పైపులు చుట్టేవాళ్లు కొనొచ్చా?

ఎఫ్‌ఆర్‌పీ అంటే గాజు పోగులు కలిపిన ప్లాస్టిక్; రోవింగ్ అంటే ఆ గాజు పోగుల కట్ట; 2400 టెక్స్ అంటే కిలోమీటరు కట్ట బరువు 2400 గ్రాములు. ఫిలమెంట్ వైండింగ్‌కీ (రెజిన్‌లో తడిపిన పోగుల్ని అచ్చు చుట్టూ చుట్టడం), పల్ట్రూజన్‌కీ (వాటిని అచ్చులోంచి లాగి కడ్డీలు చేయడం) ఈ-గ్లాస్ (ఎఫ్‌ఆర్‌పీలో మామూలుగా వాడే గాజు రకం) కొనాలంటే మా ఓటు పోగు మందం 17 మైక్రాన్లుండే డైరెక్ట్ రోవింగ్‌కే. కొన్ని చుట్టలు కలిపి చేసే అసెంబుల్డ్ రోవింగ్‌లో ఒక్కో పోగు ఒక్కో బిగువుతో వస్తుంది. వదులుగా ఉన్నవి రెజిన్ తొట్టి దగ్గర వేలాడతాయి. డైరెక్ట్‌లో పోగులన్నీ ఒకే బుషింగ్ నుంచి, ఒకే వేగంతో దిగినవి. అందుకే బిగువు సమానం.

బుషింగ్ అంటే అడుగున సుమారు 4000 టిప్పులు (గాజు దిగే చిన్న గొట్టాలు) ఉన్న ప్లాటినం-రోడియం పెట్టె. 1200 డిగ్రీల దగ్గర గాజు తేనెకంటే ఓ పదింతలు చిక్కన. టిప్పులోంచి సెకనుకి మిల్లీమీటరు చొప్పున మెల్లగా దిగుతుంది. కింద వైండర్ (పోగుల్ని చుట్టే యంత్రం) దాన్ని సెకనుకి 15 మీటర్ల వేగంతో లాగుతుంది. రెండు మిల్లీమీటర్ల ధార కొద్ది సెంటీమీటర్లలోనే 17 మైక్రాన్లకి సాగి గట్టిపడిపోతుంది. ఎంత గట్టిగా లాగినా గాజు ఎక్కువ రాదు, పోగు సన్నబడుతుందంతే. ఎంత రావాలో తేల్చేవి పైన గాజు మట్టం, టిప్పు కొలతలు, వేడి. బోరు (టిప్పు రంధ్రం వ్యాసం) 5 శాతం అరిగి పెరిగినా ప్రవాహం 20 శాతం దాటి పెరుగుతుంది, ఎందుకంటే లెక్క బోరు నాలుగో ఘాతం మీద. ఒక్క డిగ్రీ వేడి పెరిగితే ఒక శాతం పైనే తేడా.

కాబట్టి లాట్ రాగానే త్రాసు తీయండి. బాబిన్ లోపలి కొస నుంచి 10 మీటర్లు, బయటి కొస నుంచి 10 మీటర్లు తూచండి. రెండూ 24 గ్రాముల దగ్గర ఉండాలి. ±5 శాతం దాటితే వెనక్కి పంపండి. బయటిది తేలికైతే, చుట్ట లావెక్కుతున్నా వైండర్ చక్రం వేగం తగ్గించలేదన్నమాట.

తర్వాత నూగు (తెగిన పోగుల ముక్కలు) చూడండి. గైడ్ దగ్గర తెల్లగా పేరుకుంటే ముందు మీ సిరామిక్ కళ్లు (పోగు దూరి వచ్చే రింగులు) గరుకెక్కాయేమో వేలితో తడమండి. అవి నున్నగా ఉన్నా నూగు వస్తుంటే లోపం సరుకుదే: సైజింగ్ (పోగు మీద పూసే రక్షణ పూత) చాలకపోవచ్చు, గాజులో బుడగలుండొచ్చు. బుడగ పోగుతోపాటే సాగి, అక్కడే తెగుతుంది. సైజింగ్‌ని 625 డిగ్రీల కొలిమిలో కాల్చి చూస్తే బరువు అర శాతం చుట్టూ తగ్గాలి. అది ఏ రెజిన్‌కి సరిపోతుందో లేబుల్ మీద చూసే కొనండి. పాలిస్టర్‌కి చేసింది ఎపాక్సీకి పట్టకపోవచ్చు.

స్ప్రే గన్‌తో ముక్కలు చేసి కొట్టేవాళ్లు దీన్ని కొనకండి. తరిగితే పోగులు సరిగా విడిపోవు, ముద్దలు పడతాయి. దానికి గన్ రోవింగే వేరే ఉంది.

వాడేటప్పుడు లోపలి కొస నుంచే లాగండి, పైన ప్లాస్టిక్ చుట్టు తీయొద్దు. తీస్తే చివరి పొరలు కూలిపోయి చిక్కుపడతాయి. వానాకాలంలో బాబిన్లని షెడ్డులో ఒకరోజు ఉంచాకే విప్పండి.