ప్రొలాక్టిన్ తగ్గుతుందని కొన్న పీఈఏ క్యాప్సూల్స్: నా అనుభవం

60 క్యాప్సూల్స్ డబ్బా, ఆన్‌లైన్‌లో 1,400 రూపాయలు. కంపెనీ పేరు రాయను. మూడు నెలలుగా పీరియడ్స్ సరిగ్గా రాక టెస్ట్ చేయిస్తే ప్రొలాక్టిన్ (పాలు పడేలా చేసే హార్మోన్, ఎక్కువైతే పీరియడ్స్ తప్పొచ్చు) 46 వచ్చింది, 25 లోపు ఉండాలి, ఆ టెన్షన్‌లో డబ్బా మీద "ప్రొలాక్టిన్ తగ్గిస్తుంది" అని చూసి వెంటనే ఆర్డర్ పెట్టేశాను.

లోపలున్నది ఫినైల్‌ఇథైలమైన్, అదే పీఈఏ. ట్రేస్ అమైన్స్ అనే రసాయనాల్లో ఒకటి, మన ఒంట్లోనే చాలా కొద్దిగా తయారవుతుంది, చాక్లెట్‌లోనూ ఉంటుంది. ఇది పనిచేసే టార్-1 రిసెప్టర్ (కణాల మీద సంకేతాలు అందుకునే ప్రోటీన్) సంగతి 2001లో బయటపడింది, దానికీ మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని విడుదల చేసే కణాలకీ సంబంధం ఉంది, ప్రొలాక్టిన్‌ని అదుపులో పెట్టేది డోపమైనే. వినడానికి బాగానే ఉంది. కానీ నోట్లో వేసుకున్నదాన్ని మావో-బి అనే ఎంజైమ్ నిమిషాల్లో విరగ్గొట్టేస్తుంది. పరగడుపున వేసుకున్న పావుగంటకి గుండె దడ, చెవులు వేడెక్కాయి, చేతిలో కాఫీ గ్లాసు వణికింది, అరగంట దాటేసరికి ఏమీ లేదు. రోజుకి రెండు చొప్పున 12 రోజులు వాడి మళ్లీ టెస్ట్ చేయిస్తే 44.

అప్పుడు వెళ్లాను డాక్టర్ దగ్గరికి, ముందే వెళ్లాల్సింది. "ఇంకేం మాత్రలు వేసుకుంటున్నావమ్మా?" అన్నారావిడ. గ్యాస్ మాత్ర అని స్ట్రిప్ చూపించాను. పాంటోప్రజోల్ కింద చిన్న అక్షరాల్లో డోంపెరిడోన్ అని ఉంది, వేలు పెట్టి చూపించారు. అది డోపమైన్ రిసెప్టర్‌ని అడ్డుకుంటుందట, దాంతో ప్రొలాక్టిన్ పెరుగుతుంది. మాత్ర మార్చారు. రెండు వారాలాగి, నిద్ర లేచిన మూడు గంటలకి, కాసేపు కూర్చున్నాక రక్తం ఇస్తే 13!

టార్-1 మీద పనిచేసేలా స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బుకి ఉలోటారాంట్ అనే మందు తయారుచేశారు. పాత మందుల్లా డోపమైన్ రిసెప్టర్‌ని అడ్డుకోదు కాబట్టి దాంతో ప్రొలాక్టిన్ పెద్దగా పెరగలేదు, అయినా 2023లో చివరి దశ ట్రయల్స్‌లో జబ్బు మీద డమ్మీ మాత్రని దాటలేకపోయింది. ప్రొలాక్టిన్‌ని పెంచకపోవడం వేరు, తగ్గించడం వేరు కదా, ఈ డబ్బావాళ్లు రెండూ ఒకటే అన్నట్టు అమ్ముతున్నారు.

ఒక్క స్టార్. పార్కిన్సన్స్‌కి సెలెజిలిన్ వాడే పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ఇది అసలు తేవద్దు, ఆ మందు మావో-బిని ఆపేస్తుంది, బీపీ ఒక్కసారిగా ఎగబాకొచ్చు. మిగిలిన 36 వాపసు తీసుకోమంటే సీల్ తీశారు కుదరదన్నారు.