శాడిల్ వేట "ఫుల్ సెట్" కొంటున్నారా? దానితో చెట్టెక్కే ముందు ఇది చదవండి

టెక్సాస్‌లో జింక వేట అంటే ఎక్కువమంది ఫీడర్‌కి (జింకలకు మేత వేసే డబ్బాకి) ఎదురుగా, బ్లైండ్ అనే డబ్బాలాంటి మాటుగదిలో కూర్చుని చేసేదే. నడుముకు శాడిల్ అనే పట్టీల సీటు కట్టుకుని, 15-20 అడుగుల ఎత్తులో చెట్టుకు ఆనుకుని వేలాడుతూ విల్లుతో వేటాడేవాళ్లు ఇక్కడ తక్కువ. అందువల్ల దగ్గర్లోని షాపులో కూర్చుని చూసి కొనే వీలుండదు, చూపించి నేర్పే మనిషీ దొరకడు. డాలస్, హ్యూస్టన్ వైపు కొత్తగా విల్లు పట్టిన మనవాళ్లు ఆన్‌లైన్‌లో కనిపించే "అన్నీ కలిపిన సెట్" వైపు చూసేది అందుకే. అలాంటి ఒక సెట్‌ను విప్పి ఒక్కో భాగాన్నీ పరీక్షించాం. ఒక్క మాటలో చెప్పాలంటే, దాన్ని నమ్మి చెట్టెక్కొద్దు.

తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుల మోకు చూసినవాళ్లకు ఇందులో సగం సులువుగా అర్థమవుతుంది. ఎక్కేటప్పుడు మానును చుట్టి నడుముకు రెండు పక్కలా తగిలే లైన్‌మ్యాన్ తాడు చేసేది మోకు పనే. పైకి చేరాక టెథర్ అనే రెండో తాడు చెట్టుకు బిగించి, శాడిల్ ముందు వైపు ఉండే బ్రిడ్జ్ అనే చిన్న తాడును దానికి కారబైనర్‌తో, అంటే గేటుండే లోహపు క్లిప్పుతో, తగిలిస్తారు. కాళ్ల కింద చిన్న ప్లాట్‌ఫాం ఉంటుంది. ఈ తాళ్లు, కుట్లు, క్లిప్పుల్లో ఏ ఒక్కటి పోయినా మనిషి కింద ఉంటాడు. తెలంగాణలో 2024 నుంచి ప్రభుత్వం గీత కార్మికులకు రక్షణ కిట్లు ఇస్తోంది. తరతరాలుగా చెట్టెక్కుతున్న వాళ్లకే అవి అవసరమయ్యాయంటే, మొదటిసారి ఎక్కేవాళ్లు ఎంత జాగ్రత్తగా ఉండాలో ఆలోచించండి.

ముందు కారబైనర్లు. ఎత్తులో మనిషిని మోసే క్లిప్పు వెన్ను మీద అది ఎంత బలాన్ని తట్టుకుంటుందో కిలోన్యూటన్లలో అంకెలు చెక్కి ఉండాలి. నిలువు బరువుకు సాధారణంగా 20 పైన ఉంటుంది, అడ్డంగా పడే బరువుకు చాలా తక్కువ, 7 లేదా 8 దగ్గర. ఈ సెట్‌లో వచ్చినవాటి మీద ఏ గుర్తూ లేదు. ఒకదాని గేటు వేలితో నొక్కితేనే తెరుచుకుంది. తిప్పి, ఆపై నొక్కితేనే తెరుచుకుని, వదిలేస్తే తనంతట తనే లాక్ అయ్యే రకం తప్ప ఇంకేదీ వాడొద్దు. వెడల్పాటి పట్టీకి తగిలిస్తే క్లిప్పు అడ్డం తిరిగి, బరువంతా ఆ బలహీనమైన దిశలో పడుతుంది. బరువు వేసిన ప్రతిసారీ కళ్లతో చూసుకోవాలి.

అన్నిటికంటే భయపెట్టింది ప్రూసిక్ ముడి. టెథర్ మీద పైకీ కిందికీ జరిగేది, బరువు పడగానే పట్టేసేది ఈ చిన్న తాడే. పట్టు రావాలంటే అది ప్రధాన తాడు కంటే సన్నగా ఉండాలి: 11 మి.మీ. తాడు మీద 8 మి.మీ., 8 మి.మీ. తాడు మీద 6 మి.మీ. చొప్పున. ఇక్కడ రెండూ 8 మి.మీ.వే. పైగా ప్రూసిక్ తాడు బిరుసుగా ఉంది, చుట్లు ఒరుసుకోవు. పొడిగా ఉన్నప్పుడు పట్టినట్టే పట్టి, తడిపితే మెల్లగా జారింది. దాని బదులు తాడును పట్టి ఉంచే లోహపు పరికరం కొందామనుకుంటే, దాని మీద ఎన్ని మి.మీ. నుంచి ఎన్ని మి.మీ. తాడు వరకు అని చెక్కి ఉంటుంది. ఆ పరిధిలో లేని తాడుతో వాడితే అదీ జారుతుంది.

లైన్‌మ్యాన్ తాడు చివర ఆపు ముడి లేదు. చూడటానికి చిన్న లోపంలా ఉంటుంది గానీ, లావు మాను దగ్గర తాడు వదులు చేస్తూ పోతే, దాని మీద కూడా ఉండే ప్రూసిక్ చివరి నుంచి జారి బయటికి వచ్చేస్తుంది, మనిషి వెనక్కి పడతాడు. మంచి సెట్ అయినా సరే, కొనగానే ఈ ముడి ఉందో లేదో చూడండి.

బ్రిడ్జ్ డైనీమా (ఒక రకం సింథటిక్ పోగు) రకం బోలు తాడు. చాలా గట్టిది, కానీ నున్నగా ఉంటుంది కాబట్టి మామూలు ముడి నిలవదు. తాడు కొసను దాని బోలులోకే దూర్చి స్ప్లైస్ చేయాలి. లోపలికి దూరిన పొడవు తాడు మందానికి 72 రెట్లు ఉండాలన్నది లెక్క, అంటే 6 మి.మీ. తాడుకు సుమారు 43 సెం.మీ. ఇక్కడ ఒక గుండ్రటి ముడి వేసి కొస కాల్చి వదిలేశారు. అమ్మకం పేజీలో "22 కిలోన్యూటన్లు" అని రాసింది ముడి లేని తాడు గురించి. ముడి వేస్తే తాడు బలం ఎంతో కొంత తగ్గుతుంది, ఇలా జారే ముడికైతే ఆ అంకె అసలు వర్తించదు.

శాడిల్ కుట్లు చూసేటప్పుడు గుడ్డను కాదు, పట్టీ ఎటు పోతోందో చూడండి. ఒక పక్క బ్రిడ్జ్ లూప్ నుంచి సీటు కిందుగా రెండో పక్క లూప్ దాకా పట్టీ తెగకుండా పోవాలి. మేం చూసినదాంట్లో లూపులను జాలీ గుడ్డకే కుట్టేశారు. పట్టీ రంగుకు భిన్నమైన దారంతో కుట్టినదైతే తెగిన కుట్టు ఇట్టే కనబడుతుంది. తయారీదారు పేరు, ఎంత బరువుకు, ఏ తేదీన తయారైంది అనే లేబుల్ లేకపోతే అక్కడే ఆగిపోండి. "అందరికీ ఒకే సైజు" అన్నది కూడా నమ్మొద్దు. కొలవాల్సింది తుంటి చుట్టుకొలత, నడుము కాదు.

ప్లాట్‌ఫాం సంగతి తక్కువే చెప్పాలి: వెల్డింగ్‌లో జుట్టంత పగులు, మొద్దు పళ్లు. పళ్లు మానులో దిగకపోతే పక్క అంచు మీద కాలు పెట్టగానే మొత్తం తిరిగిపోతుంది. తూర్పు టెక్సాస్ పైన్ చెట్ల బెరడు పొరలుపొరలుగా రాలుతుంది కాబట్టి అక్కడ ఇది మరీ ప్రమాదం. సెట్‌తో వచ్చే స్క్రూ మెట్లు చాలా ప్రభుత్వ అడవుల్లో నిషిద్ధం, వాటికి డబ్బు పెట్టకండి.

మంచి కంపెనీది కొన్నా మొదటి పది రోజులు ప్లాట్‌ఫాం నేల నుంచి ఒక అడుగు ఎత్తులోనే కట్టండి. దాని మీద నిలబడితే టెథర్ కళ్లకో తలకో ఎదురుగా రావాలి. అరగంట కూర్చోండి, తాడు తడిపి మళ్లీ కూర్చోండి, నాలుగు వైపులకూ తిరగండి. పైకి వెళ్లాక టెథర్ తగిలించి, దాని మీద బరువు వేసి చూసిన తర్వాతే లైన్‌మ్యాన్ తాడు విప్పాలి. టెథర్‌లో ఎప్పుడూ వదులు ఉండకూడదు. ఈ తాళ్లు పెద్దగా సాగవు, అందుకే రెండడుగుల వదులుతో పడినా ఆ కుదుపు ఒంటి బరువుకు ఎన్నో రెట్లు ఉంటుంది. పడేవాడిని పట్టుకోవడానికి కాదు, పడకుండా ఆన్చి ఉంచడానికే శాడిల్.

డబ్బు తక్కువగా ఉంటే ప్లాట్‌ఫాం, స్టిక్స్ (ఎక్కడానికి మానుకు కట్టే మెట్లు) సెకండ్ హ్యాండ్‌లో తీసుకోండి, లోహాన్ని చూసి పోల్చుకోవచ్చు. తాళ్లు, శాడిల్ మాత్రం కొత్తవే, పేరున్న తయారీదారువే కొనండి. ట్రక్కు వెనక ఎండలో పడున్న తాడును, బ్యాటరీ ఆసిడ్ తగిలిన తాడును చూసి గుర్తుపట్టలేం.

ఇప్పటికే ఇలాంటి సెట్ వచ్చి ఉంటే, విప్పేటప్పుడే వీడియో తీసి, లేబుల్ లేని చోట్లు, కుట్లు, క్లిప్పులు దగ్గరగా ఫొటోలు తీయండి. అమ్మినవాళ్లు "ప్యాకెట్ విప్పారు, వెనక్కి తీసుకోం" అంటే, క్రెడిట్ కార్డ్ స్టేట్‌మెంట్ పంపిన 60 రోజుల్లోపు బ్యాంకుకు అందేలా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. సేఫర్‌ప్రొడక్ట్స్ డాట్ గవ్‌లో కూడా నమోదు చేయండి, అది ప్రమాదకర వస్తువులపై అమెరికా ప్రభుత్వం నడిపే ఫిర్యాదుల సైట్. డబ్బు రాకపోయినా సగం ధరకు ఇంకొకరికి అమ్మకండి. తాళ్లను, పట్టీలను ముక్కలుగా కోసి, శాడిల్ మళ్లీ ఎవరూ వాడలేకుండా చేసి పారేయండి.