వంటింటి కరెంటు లైను మార్పించుకున్నాం: పని బాగుంది, రాకే ఆలస్యం

మహబూబ్‌నగర్ మెట్టుగడ్డలోని మా ఇంట్లో ఆరేళ్లుగా వంటగట్టులో బిగించిన ఇండక్షన్ పొయ్యి మీదే వంట సాగింది. పప్పుకూ కూరలకూ దానితో ఏ ఇబ్బందీ లేదు గానీ, జొన్నరొట్టెను చివర్లో మంట మీద వేసి పొంగించే వీలు లేకపోవడంతో మా అమ్మకు అది ఏనాడూ నచ్చలేదు. ఈ వేసవిలో గ్యాస్ పొయ్యి తెచ్చి, పాత లైను మార్చే పనిని న్యూటౌన్‌లోని ఒక చిన్న ఎలక్ట్రికల్ దుకాణానికి అప్పగించాం.

అంతకుముందు వచ్చి చూసిన మరో మిస్త్రీ, వైరు కొసలకు టేపు చుట్టి వదిలేస్తే చాలన్నాడు. ఆ కొసలున్నది సరిగ్గా సిలిండర్ పెట్టబోయే అరలో. వంటగ్యాస్ గాలికన్నా బరువైనది కనుక, లీకైతే ముందు చేరేది ఆ అర అడుగునే. దుకాణం నుంచి వచ్చిన కుర్రాడు మాత్రం గట్టు కింది తలుపు తీయగానే, సిలిండర్ ఎక్కడ పెడతారని అడిగాడు. అక్కడి పాయింటును పూర్తిగా తీసేసి, వైరును కొత్త పైపులో గట్టు పైకి తెచ్చి, పొయ్యికి దూరంగా మిక్సీకొకటి, గ్రైండర్‌కొకటి 16 ఆంపియర్ల సాకెట్లు బిగించాడు.

నాకు అన్నింటికన్నా నచ్చింది ఎంసీబీ (లైనులో కరెంటు మోతాదు మించితే దానంతటదే పడిపోయే స్విచ్) విషయంలో అతను చూపిన పట్టింపు. 3500 వాట్ల పాత పొయ్యి 230 వోల్టుల వద్ద 15 ఆంపియర్లకు పైగా లాగేది కనుక, ఆ లైనుకు 4 చదరపు మిల్లీమీటర్ల వైరు, 25 ఆంపియర్ల ఎంసీబీ ఉండేవి. "ఇది గిట్లనే ఉంచితే సాకెట్ కాలుతది గని ఇది పడది సార్" అంటూ దాన్ని తీసి 16 ఆంపియర్లది వేశాడు. చిమ్నీకి వేసిన 1.5 చదరపు మిల్లీమీటర్ల సన్న వైరును దీనికి తగిలించకుండా, విడిగా 6 ఆంపియర్ల ఎంసీబీ మీద పెట్టాడు. చివరగా టెస్ట్ ల్యాంపును ఫేజుకూ ఎర్తుకూ మధ్య పెట్టగానే బల్బు మిణుక్కుమనేలోపే ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్తులోకి లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) టక్కున పడిపోయి, ఇల్లంతా ఫ్యాన్లు ఆగిపోయాయి. ఆర్‌సీసీబీ పనిచేస్తోందనీ, సాకెట్‌కు ఎర్తు అందుతోందనీ దానితో తేలింది; ఎర్తింగ్ ఎంత బాగుందో మాత్రం ఈ పరీక్ష చెప్పదు.

లోపాలూ ఉన్నాయి. పొద్దున వస్తానన్న మనిషి మర్నాడు మధ్యాహ్నానికి వచ్చాడు. గోడ చెక్కిన గాడిని సిమెంటుతో పూడ్చారు గానీ నున్నగా చేయలేదు. సామానుకు బిల్లు ఇచ్చారు, కూలి మాత్రం నోటి లెక్కే. పిలిపించుకునేవారు దాన్ని ముందే కాగితం మీద రాయించుకోవాలి.